పొరుగున అణుబాంబు ఉన్నప్పుడు – పి.వి. నరసింహారావు జీవితం చెప్పే పాఠం



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుడి జీవితం గురించి రాయడం ఆనవాయితీ. ఈసారి నేను పాములపర్తి వెంకట నరసింహారావు గారి గురించి రాస్తున్నాను. ఆయన అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్థిక సంస్కరణలు. పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా అదే బిట్టు ఉంటుంది. కానీ ఆయన జీవితంలో మనం అంతగా చదవని మరో అధ్యాయం ఉంది. పగబట్టిన పొరుగు దేశం చేతిలో అణుబాంబు ఉంటే మన దేశం ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఐదేళ్లపాటు రోజూ జవాబు వెతకాల్సి వచ్చిన తెలుగువాడు ఆయన.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు చంపారు. మే 7న మన సైన్యం దాడి చేసింది. మే 10న కాల్పులు ఆగేదాకా అణ్వస్త్రాలున్న రెండు దేశాలు క్షిపణులు, డ్రోన్లతో తలపడ్డాయి. ఆ నాలుగు రోజులు ఏ టీవీ పెట్టినా, ఏ ఫోన్ తెరిచినా యుద్ధమే. ఒకేసారి లేపేస్తే పీడ పోతుందని కొందరు, బాంబున్నవాడితో మనకెందుకు అని కొందరు వాదించుకున్నారు. ఈ రెండు మాటలకూ మధ్య చాలా దారి ఉంది. ఆ దారిలో నడిచిన మనిషి కథే ఇది.

పుట్టుక, చదువు, పోరాటం

పి.వి. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే వంగరలోని బంధువులకు దత్తత వెళ్లారు. ఆ ఊరు అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఉండేది. అది నిజాం రాజ్యం. తెలుగు మాట్లాడే పిల్లవాడు ఉర్దూలో చదువుకోవాల్సిన రోజులు. 1938లో విద్యార్థులు వందేమాతరం పాడినందుకు కళాశాలల నుంచి బహిష్కరించారు. ఆ బహిష్కృతుల్లో పి.వి. ఒకరు. ఇక్కడ చదువు మూసుకుపోతే ఆయన ఇంటికి పోయి కూర్చోలేదు. పుణెలో డిగ్రీ, నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. మన పక్క మహబూబ్‌నగర్ జిల్లా బిడ్డ బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. స్వామి రామానంద తీర్థకు శిష్యుడయ్యారు.

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. మన హైదరాబాద్ రాజ్యంలో మాత్రం ఎగరలేదు. నిజాం భారతదేశంలో చేరనన్నాడు. ఆ ఏడు నవంబరు 29న ఢిల్లీ, నిజాం మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఒకవైపు మాటలు నడుస్తుంటే మరోవైపు పల్లెల్లో రజాకార్ల దాడులు నడిచాయి. మన నల్లగొండ పల్లెలు ఆ రోజుల్లో ఎంత రక్తం చూశాయో మన తాతలు చెప్పగా విన్నాం. అప్పుడు పి.వి. రాజ్యం బయట, చాందాలోని సరిహద్దు శిబిరంలో పనిచేశారు. చివరికి 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు.

ఇరవై ఏడేళ్ల వయసులో ఆయన కళ్లారా చూసింది ఇదీ. ఢిల్లీ పది నెలలు మాట్లాడింది, మాట్లాడుతూనే సిద్ధపడింది, ఇక మాటలతో పని కాదని తేలాక నాలుగు రోజుల్లో ముగించింది. అయితే నిజాం చేతిలో అణుబాంబు లేదు. పక్కవాడి దగ్గర అది ఉంటే ఈ లెక్క పనిచేయదు. ఆ కొత్త లెక్క ఆయనకు డెబ్బై ఏళ్ల వయసులో ఎదురైంది.

ఓటమితో మొదలు, సర్వేలు దాకా

1952లో లోక్‌సభకు పోటీ చేసి ఆయన ఓడిపోయారు. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచారు. తర్వాత మంత్రి అయ్యారు. 1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ నుంచి ఆ పదవి దక్కిన మొదటి వ్యక్తి ఆయనే. భూస్వామి ఇంట పెరిగిన మనిషి భూసంస్కరణలకు పూనుకున్నారు. తన భూమిలోనూ చాలా భాగం వదులుకున్నారు. పెద్ద భూములున్న పెద్దమనుషులకు అది నచ్చలేదు. ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం తోడయ్యాయి. 1973 జనవరిలో పదవి పోయింది.

ఆ కొద్దికాలంలో ఆయన చేసిన ఒక పని మాత్రం మనలాంటి వాళ్లం ఎన్నటికీ మరవరానిది. 1971 నవంబరులో మన నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. పేదింటి పిల్లవాడికి తిండి, బట్ట, పడక, పుస్తకం, పంతులు అన్నీ ఒకేచోట దొరకాలన్నది ఆలోచన. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లిలలో అలాంటివే వచ్చాయి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు అదే ఆలోచన దేశమంతటా నవోదయ విద్యాలయాలుగా మొలిచింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. గురుకులమైనా హాస్టలైనా, సర్కారు పెట్టిన అన్నం తిని చదివిన ప్రతి ఒక్కరి కథలో ఆ ఆలోచన వాటా ఉంది.

దేశ రక్షణ గురించి రాస్తూ బడి గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన దృష్టిలో ఈ రెండూ వేరు కావని నా నమ్మకం. చదువు లేని, అప్పుల్లో మునిగిన దేశం బాంబు పెట్టుకున్నా ఎవరూ లెక్కచేయరు.

ఢిల్లీలో కొత్త పాఠం

1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1980లో విదేశాంగ మంత్రి అయ్యారు. 1984లో హోం, 1985లో కొన్ని నెలలు రక్షణ శాఖ చూశారు. 1988లో మళ్లీ విదేశాంగ శాఖకు వచ్చారు. అంటే మన చుట్టూ అణుబాంబులు పేరుకుపోతున్న కాలమంతా ఆయన ఆ ఫైళ్ల మధ్యనే ఉన్నారు.

ఆ కాలం లెక్క ఒకసారి చూద్దాం. 1962లో చైనా మనతో యుద్ధం చేసింది. రెండేళ్లకే, 1964 అక్టోబరు 16న అణుబాంబు పేల్చింది. మనం 1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష చేశాం. 1971 యుద్ధంలో ఓడిన పాకిస్తాన్ అప్పటికే, 1972 నుంచే, బాంబు పనిలో పడింది. కహూటాలో యురేనియం శుద్ధి చేసే కర్మాగారం కట్టింది. 1980లు ముగిసేసరికి దాని చేతికి బాంబు అందిందని ప్రపంచానికి అర్థమైంది. 1990 అక్టోబరులో అమెరికా తన సొంత చట్టం ప్రకారం పాకిస్తాన్‌కు సాయం ఆపేసింది. వాళ్ల దగ్గర బాంబు లేదని ఇక ధ్రువపత్రం ఇవ్వలేమని అమెరికా అధ్యక్షుడు చేతులెత్తేయడమే దానికి కారణం.

అణుబాంబు వచ్చాక యుద్ధం తీరు మారిపోతుంది. అంతకుముందు బలమున్నవాడు గెలిచేవాడు, లేనివాడు ఓడేవాడు. ఇద్దరి దగ్గరా బాంబు ఉంటే గెలిచినవాడి ఊళ్లు కూడా మిగలవు. 1945లో హిరోషిమా మీద పడ్డ ఒక్క బాంబుకు ఆ ఏడాది చివరికే లక్ష మందికి పైగా చనిపోయారని అంచనా. అందుకే బాంబున్న బలహీనుడికి ఒక మొండి ధైర్యం వస్తుంది. నేరుగా యుద్ధానికి రాడు. దొంగచాటుగా మనుషుల్ని పంపుతాడు, బాంబులు పెట్టిస్తాడు. మనం కొట్టబోతే అణుబాంబు చూపిస్తాడు. ఇటువంటివాణ్ణి ఎలా ఎదుర్కోవాలన్నదే అసలు చిక్కు.

1991: ఖాళీ ఖజానా, కొత్త ప్రధాని

1991లో పి.వి. ఎన్నికల్లో పోటీ చేయలేదు. పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ వదలడానికి సిద్ధమయ్యారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పి.వి. ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ నవంబరులో నంద్యాల ప్రజలు ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో ఆయన్ను లోక్‌సభకు పంపారు.

అప్పటి దేశం పరిస్థితి తలచుకోండి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. మన బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టాల్సి వచ్చింది. పార్లమెంటులో సొంత మెజారిటీ లేదు. పంజాబ్, కాశ్మీర్ రెండూ మండుతున్నాయి. ఆ డిసెంబరులో మనకు అండగా ఉన్న సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఒకవైపు చైనా బాంబు, ఇంకోవైపు పాకిస్తాన్ బాంబు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు సంతలో నిలబడి బేరమాడాల్సిన పరిస్థితి.

ఆయన చేసినవాటిని నాలుగు పనులుగా చెప్పుకోవచ్చు.

మొదటి పని: శత్రువుతో కూడా కొన్ని నియమాలు

1988 డిసెంబరు 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం వచ్చినా ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదన్నది దాని సారం. ఆ ఒప్పందం కాగితం మీద నుంచి ఆచరణలోకి వచ్చింది పి.వి. కాలంలో. 1992 జనవరి 1న రెండు దేశాలూ తమ తమ అణుకేంద్రాల జాబితాలు మొదటిసారి ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ తర్వాత ఏటా జనవరి 1న అది జరుగుతూ వచ్చింది. కార్గిల్ యుద్ధం జరిగింది, పార్లమెంటు మీద దాడి జరిగింది, 2008లో ముంబై, 2019లో పుల్వామా జరిగాయి. ఇన్ని జరిగినా ఆ జాబితాల మార్పిడి ఆగలేదు. అదే 1992 ఆగస్టులో రసాయన ఆయుధాలు వాడబోమని కూడా రెండు దేశాలు ప్రకటించాయి.

పల్లెల్లో ఇద్దరు పాలివాళ్లకు గెట్టు పంచాయితీ ఉంటుంది. మాటలుండవు. కానీ కరువు రోజుల్లో ఒకే బాయి నీళ్లు వంతుల ప్రకారం పారించుకుంటారు. ఆ వంతు తప్పితే ఇద్దరి పొలాలూ ఎండుతాయని ఇద్దరికీ తెలుసు. ప్రేమ లేకపోయినా నియమం నిలుస్తుంది. ఈ ఒప్పందం అలాంటిదే.

రెండో పని: ఇద్దరితో ఒకేసారి తలపడకుండా చూసుకోవడం

1993 సెప్టెంబరు 7న పి.వి. బీజింగ్‌లో ఉండగా చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదిరింది. సరిహద్దు తగాదా తేలేదాకా వాస్తవాధీన రేఖను ఇద్దరూ గౌరవించాలి. బలం వాడకూడదు, వాడతామని బెదిరించకూడదు. సైన్యాన్ని తగ్గించుకోవాలి. దీనికి కొనసాగింపుగా 1996లో, పి.వి. దిగిపోయాక, ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదన్న ఒప్పందం కూడా వచ్చింది. తగాదా తీరలేదు. తీరని తగాదా తుపాకుల దాకా పోకుండా మాత్రం కట్టడి అయింది. పడమట నిప్పు అంటుకుని ఉన్నప్పుడు ఉత్తరాన కాస్త ఊపిరి దొరికింది.

మూడో పని: ఇంటి గొడవ ఇంట్లోనే, బయట ఒకటే గొంతు

1993 మార్చి 12న బొంబాయిలో వరుస పేలుళ్లు జరిగి 250 మందికి పైగా చనిపోయారు. దాని వెనుక పాకిస్తాన్ ఉందని మన ప్రభుత్వం ఆరోపించింది. యుద్ధానికి మాత్రం దిగలేదు. కాశ్మీర్‌లో మానవ హక్కుల ఉల్లంఘన జరుగుతోందంటూ 1994లో పాకిస్తాన్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం పెట్టింది. అది నెగ్గితే కాశ్మీర్ అంతర్జాతీయ పంచాయితీగా మారేది. అప్పుడు పి.వి. చేసిన పని ఏ ప్రధానీ అంత సులువుగా చేయడు. మన ప్రతినిధి బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజపేయిని పంపారు. ఆయనతో సల్మాన్ ఖుర్షీద్, ఫరూక్ అబ్దుల్లా వెళ్లారు. ఫిబ్రవరి 22న పార్లమెంటు కాశ్మీర్ మీద ఏకగ్రీవ తీర్మానం చేసింది. మార్చిలో పాకిస్తాన్ తన తీర్మానాన్ని ఓటింగ్‌కు పెట్టకుండానే వెనక్కి తీసుకుంది.

తుపాకీ పేలకుండా గెలిచిన యుద్ధం అది. గెలిపించింది దౌత్యం, దానికంటే ఎక్కువగా తనను రోజూ సభలో నిలదీసే మనిషిని నమ్మి పంపిన పెద్దరికం.

నాలుగో పని: చెప్పకుండా సిద్ధపడటం

శాంతి ఒప్పందాలు చూసి ఆయన్ను మెతక మనిషి అనుకోకూడదు. 1994లో అగ్ని క్షిపణి పరీక్ష జరిగింది. పృథ్వి క్షిపణి సైన్యంలో చేరింది. ఈ క్షిపణుల పుట్టిల్లు మన హైదరాబాద్ కంచన్‌బాగ్ ప్రయోగశాల. పృథ్వి తయారైంది కూడా అక్కడి భారత్ డైనమిక్స్‌లోనే. 1994 మేలో ఆయన అమెరికా వెళ్లారు. అణు కార్యక్రమానికి పరిమితి పెట్టుకోమని అమెరికా ఒత్తిడి చేస్తున్న రోజులవి. ఆయన ఒప్పుకోలేదు, తగాదా కూడా పెట్టుకోలేదు. 1995 మేలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేశారు. ఐదు దేశాలకే బాంబు హక్కు, మిగతావాళ్లకు లేదని చెప్పే ఒప్పందమది. మన దేశం అందులో చేరలేదు.

1995 చివరలో పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు ఆ కదలికలను పట్టేశాయి. డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ వార్త అచ్చువేసింది. అమెరికా రాయబారి ఢిల్లీలో అధికారులను కలిసి అభ్యంతరం చెప్పారు. అధ్యక్షుడు క్లింటన్ ఫోన్ చేశారు. పరీక్ష జరగలేదు.

ఎందుకు జరగలేదన్నదాని మీద ఈనాటికీ వాదన ఉంది. అమెరికాకు భయపడ్డారని కొందరంటారు. ఆంక్షలు పెడితే అప్పుడప్పుడే కోలుకుంటున్న దేశం మళ్లీ కూలిపోతుందని ఆగారని ఇంకొందరంటారు. ఉపగ్రహాలకు కావాలనే కనిపించేలా చేసి, ఎంత ఒత్తిడి వస్తుందో కొలుచుకున్నారని అనేవారూ ఉన్నారు. ఆయన ఆ రహస్యాన్ని బయట పెట్టకుండానే వెళ్లిపోయారు. ఒకటి మాత్రం తెలుసు. 1996 మేలో పదవి దిగుతూ, అంతా సిద్ధంగా ఉందని, ముందుకు వెళ్లవచ్చని కొత్త ప్రధాని వాజపేయికి ఆయన తెలియజేశారు. పి.వి. చనిపోయాక వాజపేయే ఈ సంగతి బయటపెట్టి, ఆ ఘనత ఆయనకు కూడా దక్కాలన్నారు. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో ఐదు పరీక్షలు జరిగాయి. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ కూడా పేల్చింది. మనమీద ఆంక్షలు వచ్చాయి. కానీ 1991 నాటి దేశం కాదు గనుక తట్టుకుంది.

నాణేనికి రెండో వైపు

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం అలవాటు. అలా రాస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత జరిగింది. ఆ తర్వాతి అల్లర్లలో దేశమంతటా వందలు, వేల కుటుంబాలు చెదిరిపోయాయి. కేంద్రంలో అధికారం ఉండి కూడా దాన్ని ఆపలేకపోయారన్న నింద ఆయన్ను చివరిదాకా వదల్లేదు. 1984లో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు హోం మంత్రి కూడా ఆయనే.

ఈ రెండూ మన విషయానికి సంబంధం లేనివి కావు. పగబట్టిన పొరుగువాడు వెతికేది మన ఇంటి గోడలో పగుళ్లనే. జెనీవాలో అన్ని పార్టీలనూ ఒక తాటి మీద నిలబెట్టిన మనిషి, అయోధ్యలో ఒక మతం వాళ్లకు రక్షణ ఉందన్న నమ్మకం నిలబెట్టలేకపోయారు. సరిహద్దులో ఎన్ని క్షిపణులు పెట్టినా, లోపల ఒక వర్గం భయంతో బతుకుతుంటే ఆ దేశం బలమైనది కాదు. అంబేద్కర్ పుస్తకాలు చదువుకున్న మనకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఏళ్లలో కాశ్మీర్ లోయలో అమాయకులు పడ్డ కష్టాన్ని కూడా ఆ లెక్కలోనే వేయాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. బాంబు కూడు పెడుతుందా అని మా అమ్మ అడిగింది. ఆమె ప్రశ్న తేలికైనది కాదు. బాంబు చేయడానికి, దాన్ని కాపాడటానికి అయ్యే ప్రతి రూపాయీ ఎక్కడో బడికో దవాఖానకో పోవలసినదే. అణువు కథ ఎక్కడో రాజస్థాన్ ఎడారిలోది మాత్రమే అనుకోవద్దు. మన నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం నిల్వలున్నాయి. అక్కడ గని తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం తమ భూములు, నీళ్లు ఏమవుతాయని నిలదీశారు. దేశానికి అవసరమన్న మాటకు అసలు ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది ఎప్పుడూ అడగవలసిన ప్రశ్నే.

సూర్యాపేట నుంచి గల్వాన్ దాకా

పి.వి. చైనాతో చేసిన ఒప్పందం నిలబడిందా? దీనికి జవాబు మన దగ్గరే, సూర్యాపేటలో ఉంది. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి, సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుతో సహా 20 మంది మన జవాన్లు ప్రాణాలిచ్చారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు.

అది రాళ్లు, ఇనుప కడ్డీలు, కర్రలతో జరిగిన పోరు. తుపాకీ పేలలేదు. రెండు వైపులా అణుబాంబులున్నా మనుషులు చేతులతో కొట్టుకుని చనిపోయారు. ఒప్పందాల వల్లే మన జవాన్ల చేతులు కట్టేసినట్టయిందని కొందరు కోపగించుకున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. పోయింది మన పక్క ఊరి బిడ్డ. ఆ తల్లికి, ఆ భార్యాపిల్లలకు ఏ సిద్ధాంతమూ ఓదార్పు కాదు.

అయినా నిదానంగా ఆలోచిద్దాం. 1975 అక్టోబరు తర్వాత 2020 దాకా, నలభై అయిదేళ్లు, ఆ సరిహద్దులో కొట్లాటల్లో ఒక్క భారత సైనికుడి ప్రాణం కూడా పోలేదు. అందులో ఇరవై ఏడేళ్లు పి.వి. ఒప్పందం తర్వాతివే. ఆ రాత్రి ఇరవై మందితో ఆగింది. తుపాకులు, ఫిరంగులు లేచి ఉంటే ఎంతమంది దాకా పోయేదో ఊహించడానికే భయమేస్తుంది. ఒప్పందం ఉంది కదా అని కాపలా సడలిస్తే గల్వాన్ జరుగుతుంది. కాపలా ఉంది కదా అని ఒప్పందం చించేస్తే యుద్ధం వస్తుంది. రెండూ కావాలి. బాంబు అయితే ఊరి పొలిమేర మీద కాపలా కాయదు. కాపలా కాసేది సంతోష్ బాబు లాంటి మనుషులే.

చివరి రోజులు

పదవి పోయాక పి.వి.ని సొంతవాళ్లే పక్కన పెట్టారు. కోర్టు కేసులు చుట్టుముట్టాయి. ఎంపీలకు ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు శిక్ష వేస్తే 2002లో హైకోర్టు కొట్టివేసింది. మిగతా కేసుల్లోనూ నిర్దోషిగా బయటపడ్డారు. ఆ కష్టకాలంలోనూ ఆయన పుస్తకం వదల్లేదు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలను ఎప్పుడో హిందీలోకి అనువదించిన మనిషి, 1998లో ఇంగ్లీషులో సొంత నవల ప్రచురించారు. పదికి పైగా భాషలు నేర్చుకున్నారు. అరవై ఏళ్లు దాటాక కంప్యూటర్ నేర్చి ప్రోగ్రాములు రాశారు. ఇంగ్లీషు రాదని, కంప్యూటర్ మన వల్ల కాదని బెదిరిపోయే మనకు ఇదొక్కటి చాలు.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఈ సంచిక చదివే తమ్ముళ్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు. ఆయనకు భారతరత్న ప్రకటించింది 2024లో, అంటే చనిపోయిన ఇరవై ఏళ్లకు.

మనం నేర్చుకోవలసింది

అణుబాంబున్న పగవాడి ముందు దేశం ఎలా ఉండాలన్నదానికి ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. చేసి చూపించినవాటి నుంచి మనమే ఏరుకోవాలి. నాకు తోచినవి ఇవి.

ఒకటి, మాటలు ఎప్పుడూ తెంచుకోవద్దు. మాట్లాడటం లొంగిపోవడం కాదు. పగవాడు తప్పుగా అర్థం చేసుకుంటే అణుయుగంలో దిద్దుకునే సమయం ఉండదు.

రెండు, సిద్ధంగా ఉండాలి, కానీ దండోరా వేయవద్దు. బలం ఉన్నవాడికి అరుపులు అవసరం లేదు.

మూడు, ఇల్లు చక్కదిద్దుకోవాలి. ఖజానా నిండాలి, బడులు నడవాలి, ఏ మతం వాడికైనా ఏ కులం వాడికైనా ఈ దేశం నాది అనిపించాలి. పి.వి. మొదటిదాంట్లో గెలిచారు, చివరిదాంట్లో ఓడారు. ఆయన గెలుపు నుంచి ఎంత నేర్చుకోవాలో ఓటమి నుంచీ అంతే నేర్చుకోవాలి.

నాలుగు, ప్రశ్నించేవాణ్ణి దేశద్రోహి అనవద్దు. వాజపేయి రోజూ పి.వి.ని ప్రశ్నించినవాడే. దేశానికి అవసరమైన రోజున దేశం తరఫున నిలబడింది కూడా ఆయనే.

మిత్రులారా, యుద్ధం వస్తే ముందు వరుసలో నిలబడేది మనలాంటి ఇళ్ల పిల్లలే. రేట్లు పెరిగితే ముందు పస్తులుండేదీ మన ఇళ్లే. అందుకే యుద్ధం గురించి, బాంబు గురించి ఆలోచించే హక్కు, బాధ్యత మనకు మరీ ఎక్కువ. ఢిల్లీలో ఆ ఫైళ్లు చూసే కుర్చీల్లో మన హాస్టళ్ల పిల్లలు కూడా కూర్చోవాలి. విదేశాంగ శాఖలో, అణు ప్రయోగశాలల్లో, సైన్యంలో, పత్రికల్లో మనవాళ్లు ఉండాలి. వంగర నుంచి బయలుదేరిన పిల్లవాడు బీజింగ్‌లో దేశం తరఫున సంతకం పెట్టించగలిగాడు. తిరుమలగిరి నుంచి బయలుదేరేవాళ్లకు దారి అంతకంటే దూరమేమీ కాదు. చదవండి, చర్చించండి, తొందరపడి అరవకండి.